గేట్లు ఎత్తారట... పోదామా?

*సముద్రం దగ్గర్లో లేదు. చల్లని కొండలూ లేవు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఇంటిల్లిపాదీ కలిసి ఒక పూట బయటికి వెళ్లాలంటే దారులన్నీ నీటి గట్టుకే పోతాయి. వరి కోసం నిలుపుకున్న నీళ్లు ఇప్పుడు మనసుకూ కావాలంటున్నారు జనం. మరి ఆ గట్టు మీద వాళ్లకు చోటుందా?*

ముందు తుంపర ముఖానికి తగులుతుంది. నీళ్లు ఆ తర్వాత కనపడతాయి.

నాగార్జునసాగర్ ఆనకట్టకు దిగువన కృష్ణ మీద ఉన్న వంతెన. ఆగస్టులో ఒక ఆదివారం, పొద్దున పదిన్నర. ఎదురుగా గేట్లు లేచి ఉన్నాయి. రైస్‌మిల్లు గొట్టం నుంచి ఊక ఎగజిమ్మినట్టు నీళ్లు కిందికి దూకి, అడుగున కొట్టుకుని, పొగలా పైకి లేస్తున్నాయి. ఆ హోరులో పక్కనున్న మనిషి మాట వినపడదు. పోలీసు విజిల్ మాత్రం వినపడుతోంది, వంతెన మీద బండి ఆపొద్దని. ఎవరు వింటారు? కార్లు, బైకులు, ఆటోలు నత్తనడకన కదులుతున్నాయి. ప్రతి కిటికీలోంచి ఒక చెయ్యి, ఆ చేతిలో ఒక ఫోను.

వంతెన దాటాక చెట్టు కింద ఒక ట్రాలీ ఆటో ఆగింది. వేములపల్లి పక్కన ఒక పల్లె నుంచి వచ్చారు, పదకొండు మంది. మనుషుల కంటే ముందు టార్పాలిన్ పట్టా దిగింది. వడ్లు ఆరబోసే పట్టా అది. దులిపి పరుస్తుంటే మడతల్లోంచి యాసంగి వడ్ల గింజలు నాలుగు రాలాయి. దాని మీద స్టీలు టిఫిను, పులిహోర బేసిను, మూతకు గుడ్డ కట్టిన కోడికూర గిన్నె. పిల్లలు అప్పటికే నీళ్ల వైపు పరుగందుకున్నారు.

అందరిలో పెద్దావిడ మాత్రం కూర్చోలేదు. నిలబడి గేట్ల వైపే చూస్తోంది. అరవై దాటి ఉంటాయి. కాలి వేళ్ల సందులు నానినాని తెల్లబడి ఉన్నాయి. నాట్ల కాలంలో ఈ జిల్లాల ఆడవాళ్ల పాదాలన్నీ అలాగే ఉంటాయి. గుత్తకు పట్టిన పొలం శనివారంతో ఒడిసిందట. సోమవారం నుంచి ఇంకో పొలం. మధ్యలో దొరికిన ఒక్క రోజు ఇది.

"ఎట్లుందమ్మా?" అని అడిగాను.

"నలభై ఏండ్ల సంది ఈ నీళ్లల్లనే నాట్లేస్తున్న బిడ్డా. ఇవి ఏడికెల్లి వస్తయో చూసుడు ఇయ్యాల్నే" అంది.

ఆమె పొలానికి నీళ్లిచ్చే ఎడమ కాలువ మొదలయ్యేది అక్కడికి కూతవేటు దూరంలోనే. మిర్యాలగూడ నుంచి గంటా గంటన్నర ప్రయాణం. ఆ దూరం దాటడానికి ఆమెకు నలభై ఏళ్లు పట్టింది.

దేవుడి పేరు లేకుండా ఇల్లు కదిలేది కాదు

మా వైపు 'టూరు' అనే మాట ఇళ్లల్లోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఎండాకాలం సెలవులంటే అమ్మమ్మ ఊరు. ఇంటికి తాళం వేసి అందరూ బయల్దేరారంటే అది మొక్కు. మట్టపల్లి నరసింహస్వామి, మేళ్లచెరువు శివరాత్రి, జాన్‌పహాడ్ ఉర్సు, రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు. పెద్దగట్టు లింగమంతుల జాతరకు బండ్లు కట్టుకుని వచ్చి, ఆరుబయట గుడారం వేసుకుని, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకుని, చుక్కల కింద పడుకున్న వాళ్ల పిల్లలే ఈరోజు హైదరాబాద్ శివార్లలో డబ్బు కట్టి 'నైట్ క్యాంపింగ్'కు పోతున్నారు. చేసేది అదే పని. అప్పుడు దాన్ని సెలవు అనలేదంతే.

నీటి దగ్గరికి వెళ్లడం కూడా పాతదే. చెరువున్న ఊళ్లో కట్ట మీద మైసమ్మ ఉంటుంది. వానలు పడి చెరువు నిండితే కోడినో యాటనో మైసమ్మకు చేసి, అక్కడే వండి, మోదుగాకు విస్తర్లలో తిని, పొద్దు గూకేలోపు ఇల్లు చేరేవాళ్లు. కార్తీకం వస్తే ఉసిరిచెట్టు కింద వనభోజనం. అన్నిటికంటే పెద్ద పండుగ అలుగు. "చెరువు అలుగు దుంకుతున్నదట" అని ఎవరో ఒకరు సైకిల్ మీద వచ్చి చెబితే చాలు, బడి మాస్టారుతో సహా ఊరు కదిలేది. మెట్లు మెట్లుగా జారే నీళ్లకు ఎదురెక్కే చేపల్ని తువ్వాళ్లతో పట్టడం, వాటిని చొక్కాలో కట్టుకుని ఇంటికి తెచ్చి, ఈత తెలియకుండా నీళ్లలోకి దిగినందుకు అమ్మ చేతిలో తన్నులు తినడం, ఆ తర్వాత అదే అమ్మ చేసిన పులుసు తినడం. నాకు గుర్తున్న మొదటి విహారయాత్ర అదే. ఇంటికి అర కిలోమీటరు దూరం.

ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్లు చెరువుకు వెళ్తే బట్టలు ఉతకడానికి, గేదెను కడగడానికి. ఊరికే కూర్చోవడానికి కట్ట ఎక్కేది బతుకమ్మ రోజుల్లోనే. ఆ తొమ్మిది రోజులు కట్ట మొత్తం వాళ్లది. పూలు పేర్చుకుని వచ్చి, ఆడి, పాడి, బతుకమ్మను నీళ్లకు ఒప్పజెప్పి, తెచ్చుకున్న సత్తుపిండి ఒకరికొకరు పంచుకుని, చీకటి పడినా భయం లేకుండా గట్టు మీద కూర్చునేవాళ్లు. మిగతా మూడు వందల యాభై ఆరు రోజులు ఆ గట్టు ఎవరిదో మనందరికీ తెలుసు.

రాళ్లు మోసిన చేతులు

1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేశారు. ఇది రాతితో కట్టిన ఆనకట్ట. యంత్రాల కంటే మనుషుల రెక్కలే ఎక్కువ కష్టపడ్డాయి. కొండల్లో పగలగొట్టిన రాయిని పరంజాల మీదుగా భుజాల మీద, తలల మీద మోసి పైకి చేర్చిన కూలీల ఊళ్లు ఇప్పటికీ ఈ చుట్టుపక్కల ఉన్నాయి. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ అనే పేర్లు ఆ పనుల కాలంలో పుట్టినవే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, మన వైపు వచ్చే ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు.

ఆ కాలువ హాలియా, వేములపల్లి మీదుగా, నడిగూడెం దాటి పాలేరు చేరేసరికి దారిపొడవునా బతుకులు మారిపోయాయి. జొన్న, సజ్జ, ఆముదం పండిన చెల్కలు వరిమడులయ్యాయి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఊరైంది. కోదాడ, హుజూర్‌నగర్‌లలో రెండు పంటల మాట వినపడింది. నీళ్లంటే ఎకరాలు, బస్తాలు, వంతులవారీగా నీళ్లిచ్చే వారబందీ. నీళ్లను చూసి సంతోషపడటానికి వెళ్లేంత తీరిక ఎవరికీ లేదు. కాలువ గట్టు మీద లష్కరు సైకిల్ తొక్కుతూ వెళ్తుంటే "తూము ఎప్పుడు ఇడుస్తరు?" అని అడగడమే నీటితో మనకున్న మాటామంతీ.

---

సాగర్ నిండితే

పూర్తి మట్టం 590 అడుగులు. మొదట్లో 408 టీఎంసీలు పట్టేలా కట్టారు. ఏళ్ల తరబడి పూడిక పేరుకుని ఇప్పుడు 312 టీఎంసీలకు తగ్గింది. క్రస్ట్ గేట్లు 26. పైనుంచి వరద ఎంత వస్తే అన్ని గేట్లు, అన్ని అడుగుల మేర లేపుతారు. 2024లో ఆగస్టు 5న, 2025లో జులై 29నే గేట్లు లేచాయి. 2023లో కృష్ణకు వరదే రాక గేట్లు ఎత్తలేదు. అందుకే ఈ ప్రాంతంలో గేట్లు ఎత్తడమంటే రెండు సంబరాలు. ఒకటి కళ్లకు, రెండోది యాసంగి దాకా నీళ్లుంటాయన్న భరోసాకు. తెలంగాణలో ఎడమ కాలువ కింద సాగయ్యే భూమి ఆరు లక్షల ఎకరాలకు పైమాటే.

---

లాంచీ ఎక్కిన పిల్ల

సాగర్‌కు వచ్చిన కుటుంబం సామాన్యంగా మూడు పనులు చేస్తుంది. గేట్లు చూస్తుంది. చేపలు తింటుంది. డబ్బు, టైము మిగిలితే లాంచీ ఎక్కుతుంది. చేపల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, రోడ్డు పక్కన మసాలా పట్టించి పెనం మీద వేయిస్తుంటే ఆ వాసన దాటి వెళ్లగలిగిన వాళ్లను నేను చూడలేదు.

లాంచీ మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. నాగార్జునకొండకు దాదాపు గంట ప్రయాణం. ఇప్పుడు దీవిగా కనిపించేది ఒకప్పుడు లోయ మధ్యలో లేచిన కొండ. దాని చుట్టూ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ఆనకట్ట కడితే లోయంతా మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. స్తూపాలను, విహారాలను ఇటుక ఇటుకా విప్పి కొండ మీదికి, గట్టు మీది అనుపు దగ్గరికి తరలించి మళ్లీ పేర్చారు. 1966లో కొండ మీద మ్యూజియం వచ్చింది. శుక్రవారం దానికి సెలవు, ఆ రోజు వెళ్తే ఉత్త చేతులతో తిరిగిరావాలి.

లాంచీలో నా ఎదురు బల్ల మీద ఏడెనిమిదేళ్ల పిల్ల కూర్చుంది. కోదాడ నుంచి వచ్చారు. లాంచీ కదిలినప్పటి నుంచి వాళ్ల నాన్న చొక్కా అంచు వదల్లేదు. కాసేపటికి గట్టు చిన్నదైంది, నాలుగు పక్కలా నీళ్లే. అప్పుడు అడిగింది.

"నాన్నా, కింద ఊరుందా?"

"ఉండేదంట."

"మరి అందులో వాళ్లు?"

ఆయన కాసేపు ఏమీ అనలేదు. "పైకొచ్చేసి ఉంటార్లే" అన్నాడు.

ఈ ప్రయాణానికి గైడు చెప్పే చరిత్ర కంటే ఆ ప్రశ్నే ఎక్కువ విలువైనదని నాకు అనిపించింది. పిల్లల్ని నీటి దగ్గరికి తీసుకెళ్లాలన్నది ఇందుకే. బడి పుస్తకంలో బహుళార్థసాధక ప్రాజెక్టు అని బట్టీపట్టిన పిల్ల లాంచీలో కూర్చుంటే నీళ్ల కింద ఎవరున్నారని అడుగుతుంది.

గట్టు మీద బుద్ధవనం ఇంకొక కొత్త మజిలీ. 274 ఎకరాల్లో, మహాస్తూపంతో, జాతక కథల వనంతో 2022 మే 14న ప్రారంభమైంది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలు ఇక్కడ నడిచాక ఆ పేరు టీవీల్లో మోగింది. జలాశయం బాగా నిండిన రోజుల్లో పర్యాటక శాఖ శ్రీశైలానికీ లాంచీ నడుపుతుంది. నల్లమల కొండల మధ్య నుంచి పగలంతా సాగే ఆ ప్రయాణం ఒక్కసారైనా చేయాలి.

ఇప్పుడే ఎందుకింత ఆత్రం?

పాతికేళ్ల కింద ఇంత మంది రాలేదు. ఏం మారింది?

ఒకటి బండి. ఊళ్లో ఇద్దరు ముగ్గురికి కారుంది, వీధికో ఆటో ఉంది, ఇంటికో బైకుంది. జాతీయ రహదారి 65 సూర్యాపేట, కోదాడల మీదుగానే పోతుంది. రెండోది, పిల్లలు దూరమయ్యారు. హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో ఉన్న కొడుకు పది రోజులకు ఇంటికొస్తే మనుమడిని ఎక్కడికి తీసుకెళ్లాలి? ఇంట్లో కూర్చోబెడితే ఫోన్లో మునుగుతాడు. అందుకని తాత పొద్దున్నే లేచి "మూసీ డ్యాం చూసొద్దాం పదరా" అంటాడు. మూడోది ఫోన్. ఒకరి స్టేటస్‌లో గేట్ల వీడియో వచ్చిందంటే సాయంత్రానికి ఊళ్లో సగం మంది బయల్దేరతారు.

కానీ వీటన్నిటికంటే నన్ను పట్టుకున్న కారణం ఇంకొకటి. ఊళ్లల్లో అలసట పెరిగింది. గుత్త పనులు, అప్పు కిస్తీలు, చదువుల ఫీజులు. పట్నంలో ఉద్యోగస్తుడికి వారాంతం ఉంది. మిల్లు హమాలీకి, నాట్లు వేసే ఆడకూలీకి, హైవే మీద టీ కొట్టు నడిపే ఇంటికి వారాంతం లేదు. వాళ్లకు దొరికేది సగం రోజు, జేబులో ఐదారు వందలు. ఆ రెండిటితో వెళ్లగలిగిన చోటు ఏదైనా ఉందంటే అది నీటి గట్టు. గోవా, ఊటీ కాదు. దీన్ని చిన్న కోరిక అనుకోవడం తప్పు.

సద్దల చెరువు మీద సాయంత్రం

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడికతీతతో పాటు నియోజకవర్గానికి ఒక మినీ ట్యాంక్‌బండ్ అనే మాట కూడా వచ్చింది. సూర్యాపేటలో ఆ వంతు సద్దల చెరువుకు దక్కింది. కట్ట వెడల్పైంది, దీపాలు పెట్టారు, పడవలు వచ్చాయి.

సాయంత్రం ఆరింటికి అక్కడ నిలబడితే ఊరు ఎలా మారిందో కనపడుతుంది. చుడీదార్ల కింద స్పోర్ట్స్ షూ వేసుకుని నడిచే నడివయసు ఆడవాళ్లు. షుగర్ వచ్చాక డాక్టరు నడవమన్నాడు, ఇంటి దగ్గర నడిస్తే నలుగురూ నవ్వుతారు, ఇక్కడైతే అందరూ నడిచేవాళ్లే. మక్కజొన్న కంకులు కాల్చే బండి దగ్గర కొత్తగా పెళ్లయిన జంట. కట్ట గోడ మీద వరసగా కూర్చున్న పింఛను తాతలు. ఇందులో ఖర్చు అంటే కంకికి ఇచ్చే డబ్బులే.

"మా ఆయనతో మాట్లాడేది ఈడనే సారూ. ఇంట్ల అత్తమ్మ, పిల్లలు, టీవీ" అని ఒక టైలరమ్మ నవ్వుతూ చెప్పింది. పెళ్లై పదహారేళ్లట.

కోదాడ పెద్ద చెరువు కట్టా ఇలాగే ఊరికి సాయంత్రపు చోటైంది. అయితే కోదాడ మనిషి నీటిని చూసే చూపులో ఇప్పుడు కొంచెం భయం కూడా ఉంది. 2024 సెప్టెంబర్ 1న కుండపోత వానకు వాగులు, చెరువులు ఏకమై కాలనీల్లోకి వచ్చాయి, కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండి పడింది. చెరువు అందంగా కనపడాలంటే ముందు దానికి నిండే చోటు, పొర్లే దారి ఉండాలి. శిఖంలో ప్లాట్లు, అలుగు వాగులో ఇళ్లు వచ్చాక కట్ట మీద ఎన్ని రంగు దీపాలు పెట్టినా చెరువు తన దారి తాను వెతుక్కుంటుంది.

---

సగం రోజు చాలు

*పాలేరు:* సూర్యాపేట నుంచి ఖమ్మం వెళ్లే దారిలో నాయకన్‌గూడెం దాటగానే. ఎడమ కాలువ నీళ్లు వచ్చి చేరే జలాశయం. కోదాడ వాళ్లకూ దగ్గరే. పార్కు, పడవలు ఉన్నాయి.

*వాడపల్లి:* మిర్యాలగూడ దాటి దామరచర్ల వైపు. మూసీ కృష్ణలో కలిసే చోటు. అగస్త్యేశ్వరుడి గుడి, నరసింహస్వామి గుడి రెండూ చూడొచ్చు. నరసింహుడి ఊపిరికి దీపం రెపరెపలాడుతుందని భక్తుల నమ్మకం.

*పిల్లలమర్రి:* సూర్యాపేట పక్కనే. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు, ఎనిమిది వందల ఏళ్ల నాటివి. నల్లరాతి స్తంభాన్ని దగ్గరగా చూడండి, అద్దంలా మీ నీడ కనపడుతుంది.

*ఎత్తిపోతల:* సాగర్ దాటి మాచర్ల దారిలో. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది.

---

నీళ్ల కింద ఊరున్న వాళ్లు

చింతలపాలెం, మేళ్లచెరువు, మఠంపల్లి మండలాల్లో కృష్ణ ఒడ్డుకు వెళ్తే పులిచింతల వెనక జలాలు కనపడతాయి. కె.ఎల్. రావు పేరు పెట్టిన ఈ ప్రాజెక్టు 45.77 టీఎంసీలది, 2013 డిసెంబర్‌లో ప్రారంభమైంది. ఆనకట్ట నీళ్లు పోయేది డెల్టాకు, మునిగిన ఊళ్లలో చాలావి ఈ వైపువి. నీళ్లు నిశ్చలంగా, కొండల నీడలతో చాలా అందంగా ఉంటాయి. ఫొటో తీసుకునేవాళ్లు వస్తుంటారు.

ఒడ్డున ఒక పెద్దాయన, పంచె మోకాళ్ల పైకి కట్టి, బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. పునరావాస కాలనీలో ఇల్లట. పండుగకు కూతురు, అల్లుడు, మనుమలు వస్తే ఇక్కడికే తీసుకొచ్చాడు. పిల్లలు రాళ్లు విసిరి నీటి మీద కప్పగంతులు వేయిస్తున్నారు. ఆయన చెయ్యి చాపి మనుమడికి చూపిస్తున్నాడు: "ఆ మొద్దు కనపడుతుందా, దానికి ఇవతల మనిల్లు. దానికి అవతల రామాలయం. ఎండాకాలం నీళ్లు తగ్గితే గోడలు తేలుతై, అప్పుడు రా, చూపిస్తా." పిల్లవాడు తలూపి, ఇంకో రాయి వెతుక్కోవడానికి పోయాడు.

మనం విహారానికి వెళ్లే నీళ్లలో చాలావాటి కింద ఇలా ఎవరిదో ఒక ఇల్లుంది. అక్కడ పాటలు గట్టిగా పెట్టకుండా ఉండటం, సీసాలు పగలగొట్టకుండా ఉండటం ఆ ఇంటి గడప తొక్కకుండా ఉండటం లాంటిది.

మూసీ మాట

సూర్యాపేట వాళ్ల దగ్గరి డ్యాం మూసీ. సోలిపేట దగ్గర కట్టిన ఈ ప్రాజెక్టు 1963లో పూర్తయింది, పట్టేది 4.46 టీఎంసీలు. వానాకాలం గేట్లు లేచాయంటే ఇక్కడా తిరునాళ్లే. కానీ హైదరాబాద్ మురుగంతా మోసుకొచ్చేది ఈ నదే. గేట్ల కింద నురగ తేలుతుంది, గాలి తిరిగితే ముక్కు మూసుకోవాలి. నీళ్లలో దిగబోయిన పిల్లల్ని తల్లులు చెయ్యి పట్టి వెనక్కి లాగడం చూశాను. ఈ నీళ్లతోనే పంట పండుతోంది, ఈ నీళ్లలోనే చేపలు పెరుగుతున్నాయి. మూసీని బాగుచేయడం అనగానే హైదరాబాద్‌లో నది ఒడ్డు సుందరీకరణ గురించే చర్చంతా. కింద కేతేపల్లిలో, సూర్యాపేటలో, వాడపల్లి సంగమం దాకా పిల్లలు కాళ్లు తడుపుకోగలిగిన రోజే ఆ నది బాగుపడినట్టు.

కాలువ చూసి మోసపోవద్దు

ఈ భాగం రాయడం కష్టంగానే ఉంది. ప్రతి ఎండాకాలం సెలవుల్లో, ప్రతి పండుగ తర్వాత పేపర్లో ఒకే రకం వార్త వస్తుంది: ఈతకు వెళ్లి మునిగారు. సాగర్ కాలువ, చెరువు గుంత, కృష్ణ రేవు. ఊరు మారుతుంది, వయసు మాత్రం పన్నెండు నుంచి పాతిక మధ్యలోనే ఉంటుంది.

చెరువులో ఈదిన అలవాటుతో కాలువలో దిగుతారు. చెరువు గట్టు మట్టిది, ఏటవాలు, కాలు నిలుస్తుంది. సిమెంటు లైనింగ్ వేసిన కాలువ గోడకు పాచి పట్టి జారుడుబండలా ఉంటుంది, చేతికి పట్టు దొరకదు. పైకి నీళ్లు నిదానంగా పోతున్నట్టే ఉంటాయి, లోపల లాగుడు వేరు. చేతులు కడుక్కోవడానికి వంగిన మనిషి జారితే అరుపు వినపడేలోపు పది గజాలు కొట్టుకుపోతాడు. కాపాడాలని ఇంకొకరు దూకుతారు, ఇద్దరూ పోతారు. చెరువుల్లోనూ కొత్త ప్రమాదం వచ్చిపడింది. మట్టి కోసం యంత్రాలతో తవ్విన గుంతలు నీళ్లు నిండాక పైకి కనపడవు. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు మరో అడుగు వేస్తే తల మునుగుతుంది.

---

గట్టు మీద గుర్తుండాల్సినవి

బండిలో ఇరవై గజాల మోకు, గాలి నింపిన పాత ట్యూబు ఉంచుకోండి. ఎవరైనా పడితే దూకొద్దు, మోకో చీరో కర్రో విసరండి. కాలువలో మెట్లు ఉన్న రేవు దగ్గర తప్ప దిగొద్దు. నీళ్లకు దగ్గరున్నంతసేపు పిల్లల మీద కన్నేయడానికి ఒక పెద్ద మనిషిని పేరుపెట్టి అనుకోండి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడట్లేదన్నమాట. గేట్లు లేచినప్పుడు, సైరన్ మోగినప్పుడు నదిలోని రాళ్ల మీదికి వెళ్లొద్దు. ట్రాలీ ఆటోలో మనుషుల్ని కుక్కుకుని రావద్దు. మందు తాగినవాళ్లను నీళ్ల దగ్గరికి రానివ్వొద్దు.

---

ఒక తలుపు, ఒక గొళ్లెం

కిందటేడు మా అమ్మను ఒక జలాశయానికి తీసుకెళ్లాను. పేరెందుకు గానీ, పేరున్న చోటే. డెబ్బై రెండేళ్ల మనిషి. నీళ్లు చూడగానే రెండు చేతులూ జోడించింది. గంట గడిచాక మొహం మాడ్చుకుని "ఇంటికి పోదాం పా" అంది. ఏమైందంటే చెప్పదు. మా చెల్లెలు చెవిలో చెప్పింది. మరుగుదొడ్డి వెతికాం. ఒకటి కనపడింది, తాళం వేసి ఉంది. ఇంకొకదానికి తలుపుంది, గొళ్లెం లేదు, నీళ్లు లేవు. కనుచూపు మేర నీళ్లున్న చోట పంపులో నీళ్లు లేవు! చివరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో పెట్రోల్ బంకు దాకా ఆమె పళ్లు బిగపట్టుకుని వచ్చింది. ఆ తర్వాత ఎక్కడికి పిలిచినా మా అమ్మ రాలేదు. "మీరు పోయి రార్రి, నేను ఇల్లు చూసుకుంట" అంటుంది.

పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా విహారానికి బయల్దేరే ఆడవాళ్లు ఎందరున్నారో మగవాళ్లకు తెలియదు. అడగం కూడా. సెల్ఫీ పాయింట్లు, అక్షరాల బోర్డులు, రంగు దీపాల కంటే ముందు గట్టు మీద కావాల్సింది గొళ్లెం పడే తలుపు, దాని వెనక నీళ్లు. తర్వాత నీడ. మన జలాశయాల గట్లు మే నెలలో పెనంలా కాలతాయి. వేప, కానుగ, రావి నాటి పదేళ్లు కాపాడితే చాలు. తర్వాత రేవు దగ్గర గొలుసు, ఈత వచ్చిన ఒక మనిషి. ఊళ్లల్లో గంగపుత్రులు, ముదిరాజులు తరతరాలుగా నీళ్లలో పెరిగినవాళ్లు. వాళ్ల పిల్లలకే శిక్షణ ఇచ్చి ఆ పని అప్పగిస్తే జీతమూ వస్తుంది, ప్రాణాలూ దక్కుతాయి. పొద్దు గూకాక గట్టు మీద చేరే మందు గుంపుల్ని కదిలించడానికి పోలీసు బండి ఒక చుట్టు తిరిగితే, ఇంకో గంటసేపు ఆడవాళ్లు అక్కడ కూర్చోగలుగుతారు.

సాయంత్రం నాలుగింటికి

సాగర్ దగ్గర చెట్టు కింద ఆ ట్రాలీ ఆటో ఇంకా ఉంది. అన్నాలు అయిపోయాయి. ఎవరో విస్తర్లు పోగుచేసి సంచిలో కట్టారు. ఇద్దరు పిల్లలు పట్టా మీదే నిద్రపోయారు, ఒకడి నోట్లో ఇంకా చాక్లెట్ పుల్ల. పెద్దావిడ రేవు మెట్ల మీద, మోకాళ్ల దాకా నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. పొలంలో అయితే ఆ నీళ్లలో వంగి ఉంటుంది. ఇక్కడ నడుము నిటారుగా ఉంది.

కోడలు పిలిచింది: "అత్తమ్మా, పోదాం. ఆటో ఆయన తొందరపడుతుండు."

"వస్తున్ననే" అంది కానీ లేవలేదు. కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి నీళ్లలో వేసింది. ఖాళీ అయిన మంచినీళ్ల సీసాలో కృష్ణ నీళ్లు నింపి మూత బిగించింది. రేపు నాటు మొదలుపెట్టే మడిలో ముందు ఇవి చల్లుతుందట. "అవే నీళ్లు కాలువలకెల్లి వస్తయి గదా అత్తమ్మా" అని కోడలు నవ్వింది. "వస్తయి. నేను తెచ్చినయి వేరే" అంది ఆమె.

పట్టా దులిపి మడిచారు. ఆటో కదిలింది. వెనక అంచున కూర్చున్న ఆమె సీసా ఒళ్లో పెట్టుకుని, వంతెన మలుపు తిరిగేదాకా గేట్ల వైపే చూస్తూ, పక్కనున్న మనుమరాలిని అడుగుతోంది:

"మళ్ల ఎప్పుడు ఎత్తుతరంటనే?"